ఎర్రమన్ను గారి నోరు: ఎన్నాళ్ళు సర్దుకుపోదాం?

బాల్కనీరైతు · మే 12, రాత్రి 9:40

రెండు రోజులుగా రాయాలా వద్దా అని ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను. "కొందరు సభ్యులు" అని రాస్తే ఎవరి గురించో అందరికీ తెలుస్తుంది కానీ ఎవరూ జవాబు చెప్పరు. అందుకే పేరు పెట్టే రాస్తున్నాను.

శనివారం మన మొక్కల ఫోరంలో "కొత్తవాళ్ళ ప్రశ్నలు" విభాగంలో కొత్తకుండీ అనే అమ్మాయి ఒక ఫోటో పెట్టింది. కుండీలో నిమ్మ మొక్క. ఆకుల మీద పిట్ట రెట్ట పడినట్టు ఏదో పురుగు. సగం ఆకులు నల్లగా మాడిపోయి ఉన్నాయి. వేపనూనె మంచిదని ఎవరో చెబితే నీళ్ళు కలపకుండా, మిట్టమధ్యాహ్నం, సీసాలోంచి నేరుగా బ్రష్‌తో పూసిందట. "ఇప్పుడేం చెయ్యాలి సార్" అని అడిగింది. అంతే.

ఎర్రమన్ను గారి జవాబు, అక్షరం మార్చకుండా:

"వేపనూనెలో కలపాల్సిన సబ్బు ముందు నీ బుర్రకు పెట్టు. పెసరట్టు తిప్పడం రానోళ్ళంతా మిద్దెతోటలు పెడితే ఇట్లనే ఉంటది."

ఆ అమ్మాయి "సారీ అంకుల్, తెలియక చేశాను" అంది. దానికి:

"నేనెవరికీ అంకుల్ కాదు. కుండీ అమ్మేసి ప్లాస్టిక్ పూలు కొనుక్కో. మీ ఆయన జీతం ఎందుకు దండగ చేస్తవ్."

గంటలో ఫోటో తీసేసింది. మళ్ళీ కనిపించలేదు. ఇది మొదటిసారి కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఏం చేద్దాం?

పెరటిపెద్దమ్మ · మే 12, రాత్రి 10:15

నాయనా, ఆయన నోరు నాకు ఏడేళ్ళుగా తెలుసు. మనసు మాత్రం వెన్న. నా టమాటాలకు ఆకుముడత వచ్చినప్పుడు ఫోన్ చేసి ముప్పావుగంట మాట్లాడాడు. ఏ మొక్క పీకాలి, ఏది ఉంచాలి, తెల్లదోమకు పసుపు అట్టలు ఎంత ఎత్తులో కట్టాలి, పీకినవి ఎరువు గుంతలో వెయ్యకుండా సంచిలో మూటగట్టి అవతల పారెయ్యాలి, అన్నీ ఒక్కొక్కటిగా. మధ్యలో "పెద్దమ్మా, నీకు కళ్ళు కనపడవా, పోయిన వారమే చూడాల్సింది" అన్నాడు. నవ్వుకున్నాను. ఆ ఏడు పది కిలోలు కాసింది.

ఏటా మృగశిర కార్తె లోపు సొంత ఖర్చుతో ఎంతమందికి విత్తనాలు పంపుతున్నాడో లెక్క ఉందా? పాలిచ్చే గేదె తన్నినా పడాలి మరి.

కందిపచ్చడి · మే 12, రాత్రి 10:22

పెద్దమ్మా, పాలు తాగింది మనం. తన్ను తిన్నది ఆ అమ్మాయి.

గుంటూరుమిరప · మే 12, రాత్రి 11:05

అబ్బా, ఎంత పెద్ద మాటలు! రెండు వాక్యాలు అన్నాడు. మా మేస్త్రీ, మా లెక్కల మాస్టారు, మా మేనమామ రోజుకు ఇరవై సార్లు అనేవాళ్ళు మమ్మల్ని. అలా తిడితేనే పని వచ్చింది. ఇప్పటి వాళ్ళకు ప్రతి మాటా గుచ్చుకుంటుంది. పైగా ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది? వేపనూనె నేరుగా పూస్తే ఆకు మాడదా?

ఆయన మాట తీరు తెలంగాణ వైపుది. ఆ యాస అలవాటు లేనివాళ్ళకు తిట్టినట్టు వినిపిస్తుంది, అంతే.

గోలీసోడా · మే 12, రాత్రి 11:31

మిరప అన్నా, మా యాసను అడ్డం పెట్టకు. మాది సిద్దిపేట దగ్గర. మా నాయన అవతలి వీధికి వినబడేటట్టు మాట్లాడ్తడు. కానీ ఇంటికొచ్చిన ఆడపిల్లను "ఏం బిడ్డా" అంటడు, "మీ ఆయన జీతం" అనడు. గట్టిగ మాట్లాడుడు వేరు, మనిషిని తీసిపారేసుడు వేరు. ఆ మాట ఏ యాసలో అన్నా అట్లనే ఉంటది.

ఇంకోటి. ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది అన్నవ్. అసలు ఆయన చెప్పిందేంది? లీటరు నీళ్ళకు ఎంత నూనె? ఎప్పుడు కొట్టాలె? ఆ పురుగేంది? ఒక్కటన్నా ఉన్నదా ఆ రెండు జవాబుల్ల?

ఎండుకొమ్మ · మే 13, ఉదయం 6:50

ఈ పేరుతో నేను కొత్త. మనిషిని పాత.

రెండేళ్ళ కింద వేరే పేరుతో ఉండేదాన్ని. గులాబీకి కత్తిరింపులు ఎప్పుడు అని అడిగితే ఆయన ఏమన్నారో ఇక్కడ రాయను. ఆ రాత్రే ఖాతా మూసేశాను. ఆరు నెలల తర్వాత ఇంకో పేరు పెట్టుకుని వచ్చాను, ఎందుకంటే మొక్కల గురించి తెలుగులో ఇంత వివరంగా చెప్పే చోటు నాకు ఇంకోటి దొరకలేదు. అప్పటినుంచి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చదువుకుని వెళ్ళిపోతాను. గులాబీ బాగానే ఉంది.

ఇలాంటివాళ్ళం ఎంతమంది ఉన్నామో పెద్దమ్మ గారి లెక్కలోకి రాదు. విత్తనాల కవర్లయితే లెక్కపెట్టొచ్చు.

పెరటిపెద్దమ్మ · మే 13, ఉదయం 7:30

ఎండుకొమ్మా, నువ్వెవరో నాకు తెలిసిపోయింది అనుకుంటా. అప్పుడు "ఆ అమ్మాయి ఎటుపోయింది" అని నేనే అడిగాను ఇక్కడ. పెళ్ళయిపోయి ఉంటుందిలే అన్నారెవరో. సరే.

డల్లాస్‌దొండపాదు · మే 13, ఉదయం 8:10

ఇక్కడ రాత్రి అయింది, నిద్ర పట్టక చదువుతున్నాను. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఇంట్లో జరిగిన కథ ఒకటి చెబుతాను. మొక్కల వాళ్ళకు కూడా పనికొస్తుంది.

లైనక్స్ పేరు వినే ఉంటారు. మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది అదే. దాన్ని 1991లో మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్, ఎవరైనా తప్పు కోడ్ పంపితే లోకమంతా చదివే మెయిలింగ్ లిస్టులో బండబూతులు తిట్టేవాడు. కేకలు వేసినట్టు పెద్దక్షరాల్లో. సరిగ్గా ఇవే వాదనలు అక్కడా నడిచాయి: ఆయన మేధావి, తిట్టేది కోడ్‌ని, మనిషిని కాదు, మెత్తగా ఉంటే నాణ్యత పోతుంది. 2015లో, లైనక్స్‌లో యూఎస్‌బీ 3.0 పనిచేయడానికి కోడ్ రాసిన డెవలపర్ ఒకరు ఈ సంస్కృతిలో ఉండలేనని చెప్పి బయటికి వచ్చేశారు. అప్పుడు కూడా "అంత సున్నితమైతే ఎలా" అన్నవాళ్ళు ఉన్నారు.

2018 సెప్టెంబర్‌లో లైనస్ తనే ఒక మెయిల్ రాశాడు. తన దాడులు అనవసరమైనవి, వృత్తికి తగనివి అని ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. మనుషుల భావాలు అర్థం చేసుకోవడానికి సాయం తీసుకుంటానని కొన్నాళ్ళు పక్కకు తప్పుకున్నాడు. అదే సమయంలో ప్రాజెక్టుకు కొత్త ప్రవర్తన నియమావళి పెట్టారు. ఆ విడత 4.19 వెర్షన్‌ను ఆయన బదులు ఇంకో సీనియర్ డెవలపర్ గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ విడుదల చేశాడు. నెల దాటాక లైనస్ తిరిగి వచ్చాడు, ఇప్పటికీ పనిచేస్తున్నాడు. చెత్త కోడ్‌ను ఇప్పటికీ చెత్త అనే అంటాడు.

ఆయన లేని ఆ కొన్ని వారాల్లో లైనక్స్ ఆగిపోలేదు. "ఆయన వెళ్ళిపోతే ఈ చోటు ఏమైపోతుంది" అని భయపడేవాళ్ళకు ఇది చెబుదామనిపించింది.

గుంటూరుమిరప · మే 13, ఉదయం 9:02

అక్కడ జీతాలిచ్చే కంపెనీలున్నాయి బ్రదర్, ఒకడు పోతే పది మంది. ఇక్కడ పొట్టి కాకర విత్తనం ఎవరి దగ్గరుంది? ఈయన దగ్గరే. ఈయన అలిగితే మనం బజారులో హైబ్రిడ్ ప్యాకెట్లు కొనుక్కోవాలి.

కందిపచ్చడి · మే 13, ఉదయం 9:06

అయితే సమస్య విత్తనం ఒకరి దగ్గరే ఉండటం. నాకు పోయిన జూన్‌లో 12 గింజలు వచ్చాయి, వాటినుంచి నేను 200 తీశాను. కావాల్సినవాళ్ళు అడ్రస్ పంపండి. తిట్లు ఉచితం కాదు, ఇవ్వను.

మోడరేటర్–2 · మే 13, ఉదయం 11:20

చదువుతున్నాం. మోడరేటర్–1 కాకుండా మిగతా ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటున్నాం. మోడరేటర్–1 ప్రతి ఏడాదీ ఎర్రమన్ను గారి దగ్గర విత్తనాలు తీసుకుంటారు, పైగా ఆయనకు స్నేహితుడు. అందుకని ఈ విషయంలో తానుగా పక్కకు తప్పుకున్నారు. తొందరపెట్టవద్దని మనవి.

గోదారిగట్టు · మే 13, మధ్యాహ్నం 1:45

మోడరేటర్లు జాగ్రత్త. గ్రూపులో ఎవరేమన్నా అడ్మిన్ మీదే కేసు పెడతారని విన్నాను. ముందు ఆయన్ని తీసేయండి, తర్వాత ఆలోచించవచ్చు.

వకీలుసాబ్ · మే 13, మధ్యాహ్నం 2:30

(పేరు సరదాకి పెట్టుకున్నాను, వృత్తి మాత్రం నిజం.)

గోదారిగట్టు గారు, సభ్యుడు రాసిన ప్రతిదానికీ అడ్మిన్ జైలుకు పోడు. వాట్సాప్ గ్రూపు అడ్మిన్ విషయంలో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పింది ఇదే. అడ్మిన్‌కు కూడా అందులో ఉద్దేశం, పాత్ర ఉన్నాయని తేలాలి. ఇక "చిరాకు కలిగించే" సందేశాలకు కూడా కేసులు పెట్టిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది. కాబట్టి టెన్షన్ పడకండి.

కానీ చట్టం ఊరుకుంటుంది కాబట్టి మనమూ ఊరుకోవాలని లేదు. మా కోర్టు క్యాంటీన్‌లో కూడా టీ ఒలకబోసినవాణ్ణి ఎవరూ అరెస్టు చెయ్యరు. తుడవమంటారు.

రచ్చబండ · మే 13, సాయంత్రం 5:10

నేను వికీపీడియాలో రాస్తుంటాను, పేరు చూసి అర్థమయ్యే ఉంటుంది (తెలుగు వికీపీడియాలో చర్చలు జరిగే పేజీ పేరు రచ్చబండ). తీసేయండి తీసేయండి అనేవాళ్ళకు ఒక మాట.

2019 జూన్‌లో ఇంగ్లీష్ వికీపీడియాలో చాలాకాలంగా ఉన్న ఒక నిర్వాహకుణ్ణి, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ ఏడాది పాటు నిషేధించింది. ఆయన నోరు కూడా ఇలాంటిదేనని చాలామంది అనేవాళ్ళు. కానీ ఎవరు ఫిర్యాదు చేశారో, ఏ మాటకు నిషేధించారో బయటికి చెప్పలేదు. ఆయనకు కూడా పూర్తిగా చూపించలేదు. దాంతో గొడవ ఆయన ప్రవర్తన మీద నుంచి ఫౌండేషన్ మీదకు మళ్ళింది. ఇరవైమందికి పైగా నిర్వాహకులు బాధ్యతలు వదిలేశారు. చివరికి సెప్టెంబర్‌లో అక్కడి మధ్యవర్తుల సంఘం ఆ నిషేధాన్ని రద్దు చేసింది, నిర్వాహక హోదా మాత్రం తిరిగి ఇవ్వలేదు.

చీకట్లో శిక్ష వేస్తే తిట్టినవాడు అమరవీరుడు అవుతాడు. తిట్లు తిన్నవాళ్ళను అందరూ మర్చిపోతారు. అలాగని ఫిర్యాదు చేసిన మనిషిని బజారున నిలబెట్టమనీ కాదు. ఆ చిక్కు నిజమే. మన దగ్గర మాత్రం అది లేదు, అన్న మాటలు అందరి ముందే ఉన్నాయి. కాబట్టి ఏ మాటకు ఏం చేశారో రాసి, ఆయన చెప్పేది విని, అప్పుడు చెయ్యండి.

బాల్కనీరైతు · మే 13, రాత్రి 8:55

ఒకటి చెప్పకుండా దాచాను. చెప్పేస్తాను.

ఆ మొదటి జవాబు కింద, సబ్బు బుర్రకు పెట్టమన్న దాని కింద, 23 నవ్వు బొమ్మలు ఉన్నాయి. అందులో ఒకటి నాది. ఆఫీసు బస్సులో ఉన్నాను, చదివాను, నవ్వొచ్చింది, నొక్కాను. రెండో జవాబు చూశాకే కడుపులో తిప్పినట్టయింది. వెనక్కి వెళ్ళి నవ్వు తీసేశాను. అప్పటికే ఆ అమ్మాయికి నా పేరుతో సహా నోటిఫికేషన్ వెళ్ళి ఉంటుంది.

ఆయన ఒక్కడే అన్నాడని రాశాను కానీ, ఆ పిల్ల ఫోన్‌లో మోగింది 24 సార్లు.

గుంటూరుమిరప · మే 13, రాత్రి 9:20

నాదీ ఉంది అందులో. తియ్యలేదు. ఇప్పుడు తీశాను.

ఎర్రమన్ను · మే 14, తెల్లవారుజాము 4:35

అన్నీ చదివిన. నాకు 68 ఏళ్ళు, నాలుగింటికి లేస్త, మొక్కలకు నీళ్ళు పోసి ఫోన్ చూస్త.

మొక్క చస్తుంటే నాకు మనిషి చచ్చినట్టే ఉంటది. అందుకే నోరు లేస్తది. ఇది సాకు అంటరు, అనుండ్రి. ఆయన జీతం అన్న మాట అనకూడనిది. మా కోడలు చదివి నా ముందట ఫోన్ పెట్టి ఏం మాట్లాడకుండ లోపలికి పోయింది. నిన్నటిసంది చాయ్ కూడా నా కొడుకే ఇస్తుండు. ఆ మాట తప్పు.

పెసరట్టు మాట కూడా తప్పే అంటే ఒప్పుకుంట. కానీ చదవకుండ, వెతకకుండ వచ్చి అడిగేటోళ్ళను ముద్దు చెయ్యమంటే నాతోని కాదు. "వేపనూనె" అని వెతికితే నేను రాసిందే మొదటికొస్తది, 2019ల రాసిన.

విత్తనాలకూ దీనికీ సంబంధం పెట్టకుండ్రి. ఎవరు తిట్టినా, ఎవరు పొగిడినా జూన్ ఎనిమిది లోపు పోతయ్. కాకర గింజలు కందిపచ్చడి పంచుతనన్నది, మంచిదే. నేను అదే చెప్పుకుంట వస్తున్న.

ఎండుకొమ్మ · మే 14, ఉదయం 7:15

"తప్పు" అన్నారు. ఎవరితో అన్నారు? మాతో. మేము కాదు కదండీ తిట్లు తిన్నది.

గోలీసోడా · మే 14, ఉదయం 7:40

పెద్దాయన అంత రాసుడే ఎక్కువ ఆయనకు. నేను పదేళ్ళల్ల ఒక్కసారి కూడా "తప్పు" అన్న మాట చూడలే. కానీ ఎండుకొమ్మ అన్నది నిజం. పోయి ఆ పిల్లకు చెప్పాలె.

గోదారిగట్టు · మే 14, ఉదయం 8:00

ఇది క్షమాపణా? "అనుండ్రి" ఏమిటి, "ముద్దు చెయ్యమంటే" ఏమిటి? శాశ్వతంగా తీసెయ్యకపోతే నేను వెళ్ళిపోతున్నాను.

పెరటిపెద్దమ్మ · మే 14, ఉదయం 8:25

వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళడమెందుకు నాయనా. ఆ పిల్ల చెప్పకుండానే వెళ్ళింది కదా.

మోడరేటర్–2 · మే 15, రాత్రి 9:00

నిర్ణయం ఇదీ. ఎర్రమన్ను గారితో నిన్న ఫోన్‌లో మాట్లాడాకే రాస్తున్నాం.

ఆయన రాసిన ఆ రెండు జవాబులు తీసేశాం. తీసిన చోట "వ్యక్తిని అవమానించినందుకు తొలగించబడింది" అని ఉంటుంది. కారణం దాచం. నెల రోజుల పాటు ఆయన "కొత్తవాళ్ళ ప్రశ్నలు"లో జవాబులు రాయలేరు. మిగతా అన్నిచోట్లా రాయవచ్చు. మళ్ళీ ఇలాంటిది జరిగితే ఆ విభాగంలోకి శాశ్వతంగా ప్రవేశం ఉండదు.

పాతవి కూడా చూశాం. గత మూడేళ్ళలో ఇలాంటి వాటి మీద మాకు తొమ్మిది ఫిర్యాదులు వచ్చాయి. తొమ్మిదింటికీ "ఆయన తీరే అంత, పట్టించుకోకండి" అనే అర్థం వచ్చేలా మేమే జవాబిచ్చాం. ఆ తొమ్మిదిమందికి ఈ రోజు విడివిడిగా రాశాం. ఇద్దరి ఖాతాలు మూసేసి ఉన్నాయి, వాళ్ళకు చేరదు.

గుంటూరుమిరప · మే 15, రాత్రి 9:30

నెల అంటే మరీ ఎక్కువ. వానలు మొదలయ్యేదే అప్పుడు, కొత్తవాళ్ళంతా వచ్చేదీ అప్పుడే.

కందిపచ్చడి · మే 15, రాత్రి 9:34

అందుకే నెల.

గోలీసోడా · మే 16, ఉదయం 6:30

అందరం ఐదు రోజులు కొట్లాడినం. ఆ పిల్ల అడిగినదానికి ఇప్పటిదాకా ఎవ్వరం జవాబు చెప్పలే. చూసుకున్నరా?

కందిపచ్చడి · మే 16, ఉదయం 7:10

సిగ్గేసింది గోలీ. ఇప్పుడే ఆ అమ్మాయికి విడిగా పంపాను. ఇక్కడ కూడా పెడుతున్నాను.

కొత్తకుండీ గారూ, ఆ పిట్ట రెట్టలా ఉన్నది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల పురుగు. పిట్టలు తినకుండా అలా కనిపిస్తుంది. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. నిమ్మ జాతి మొక్కలు, కరివేపాకు, మారేడు తింటుంది. రెండు మూడు ఉంటే వదిలెయ్యండి, మొక్కకు ఏమీ కాదు. ఎక్కువుంటే చేత్తో ఏరి ఇంకో నిమ్మ చెట్టు మీద వెయ్యండి.

వేపనూనె లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్లు. నాలుగు చుక్కలు లిక్విడ్ సబ్బు కలిపితేనే నూనె నీళ్ళలో కలుస్తుంది. ఎండ తగ్గాక, సాయంత్రం మాత్రమే కొట్టాలి. మాడిన ఆకులు అవే రాలతాయి, పీకకండి. మొక్కను పది రోజులు మధ్యాహ్నం ఎండ తగలని చోట పెట్టండి. కొమ్మ గోటితో గీకితే లోపల పచ్చగా ఉందా? ఉంటే చిగురిస్తుంది.

కొత్తకుండీ · మే 24, రాత్రి 10:05

మొత్తం చదివాను. ఎర్రమన్ను గారు పదిహేడో తారీఖున నాకు విడిగా రాశారు. ఏం రాశారో ఇక్కడ పెట్టను, బాగానే రాశారు. జవాబు ఇంకా ఇవ్వలేదు. ఇస్తానో లేదో తెలియదు.

నేను ఏడ్చి వెళ్ళిపోయానని అనుకుంటున్నట్టున్నారు. ఏడవలేదు, ఒళ్ళు మండింది. ఆ కుండీ 480 రూపాయలు. నా జీతంతో కొన్నాను. మా ఆయనకు ఆ మొక్క ఉన్నట్టు కూడా తెలియదు.

ఇక పురుగు సంగతి. కొమ్మ పచ్చగానే ఉంది, రెండు చోట్ల చిగురు వచ్చింది. పురుగుల్లో ఒకటే మిగిలింది. మీరు చెప్పినట్టే ఆకుపచ్చగా అయి నా చిటికెన వేలంత పెరిగింది. ముట్టుకుంటే తల మీద ఎర్రగా కొమ్ముల్లాంటివి బయటికి పెట్టింది, ఒకటే వాసన. మొన్నటినుంచి తినడం మానేసి కుండీ అంచు కింద నడుముకు దారం కట్టుకున్నట్టు అతుక్కుని ఉంది. నీళ్ళు పోస్తుంటే దానికి తగులుతున్నాయి. తీసి వేరే చోట పెట్టొచ్చా?

కందిపచ్చడి · మే 24, రాత్రి 10:20

తియ్యొద్దు, దారం తెగుతుంది. నీళ్ళు అవతలి వైపు నుంచి మగ్గుతో మెల్లగా పొయ్యండి. వారం పది రోజులు ఓపిక పడితే చాలు.

పెరటిపెద్దమ్మ · మే 24, రాత్రి 10:41

ఫోటో పెట్టు తల్లీ. ఈసారి తియ్యకు.